ఓనరు వరదయ్య

వరదయ్య సార్‌ని ఉదయగిరి సమాధుల తోటలో మట్టిచేసి వచ్చాక కూడా ఆయన ఆఫీసు ఫైల్లోకి వస్తూనే ఉన్నాడు.

కరుణశ్రీ మొదట నమ్మలేదు. ఎవరు నమ్ముతారు? పొద్దున్నే ఆత్మకూరు ఆఫీసు తాళం తీసి, ఊడ్చి, కంప్యూటరు పెట్టి, మందుల బండి షీటు తెరిచింది. కట్టకింద కాలనీ వరస మళ్లీ వచ్చి తన చోట తాను కూర్చుని ఉంది. మేనేజరు నాగేంద్రబాబు పోయిన వారం ఒకసారి ఆ వరస తీయించాడు. అది తిరిగి కనపడితే సరిగా తీయలేదేమోలే అనుకుని, శనివారం సాయంత్రం ఆమె కుర్చీ వెనక నిలబడి మరీ ఇంకోసారి తీయించాడు. ఎవరు పెట్టారా అని ఆమె మార్పుల చరిత్ర తెరిచింది. వరదయ్య అని ఉంది. చెయ్యి మౌస్ మీద నుంచి దానంతటదే లేచి ఒళ్లో పడింది.

ఆ షీటు సంగతి చెప్పాలి. సీతారామపురం, మర్రిపాడు వైపు మెట్టలో బస్సు మొహం చూడని పల్లెలకు వారానికోసారి బీపీ, షుగరు, మూర్ఛ మాత్రలు తీసుకుపోయే బండి ఒకటుంది. నడిపేది ఒక చిన్న ట్రస్టు, ఖర్చు పెట్టుకునేది బెంగళూరు దాతలు. ఏ రోజు ఏ ఊరికి పోవాలో ఆ ఒక్క షీట్లో ఉంటుంది. ఊరి పేరు అందులో ఉంటే బండి పోతుంది, లేకపోతే పోదు. డ్రైవరు ముందు బిగించిన ట్యాబ్‌లో కనపడేదీ అదే, బెంగళూరులో దాతలు తెరిచి చూసేదీ అదే. షీట్లో ఉన్న ఊరికి బండి పోలేదంటే వాళ్లు ఫోన్ చేసి ఆరా తీస్తారు. అందుకే నాగేంద్రబాబు బండిని ఆపమనలేదు, వరసని తీయమన్నాడు. తెలివంటే అదీ!

కట్టకింద కాలనీలో మందులు తీసుకునేది నలుగురైదుగురు. ఆ నలుగురి కోసం గుంతల్లో టైర్లు అరగదీయడం దండగ అని ఆయన వాదన. ఆ నలుగురిలో శీనమ్మ కూతురు చిన్ని ఉంది. ఆ పిల్లకి మూర్ఛ. మాత్ర తప్పితే ఉన్నచోటే పడిపోతుంది. చేపలు పట్టుకుని బతికే ఇల్లు అది, గుమ్మం దిగితే చెరువు నీళ్లు. ఇంక వేరే చెప్పాలా?

మరి పోయిన మనిషి పేరు ఫైలు మీద ఎందుకుందంటే, అది వీళ్ల మర్యాద. ట్రస్టు పెట్టిన రోజు నుంచి ఫైళ్లన్నీ వరదయ్య సొంత అకౌంటులో పుట్టినవే. మిగతావాళ్లకు అందులో రాసే హక్కు ఇచ్చాడు గానీ, ఓనరు హక్కు వేరు. ఓనరు ఎవరినైనా తీసేయగలడు, ఓనరుని మాత్రం ఎవరూ తీయలేరు. ఒంట్లో బాగాలేని రోజుల్లో ఆయనే అన్నాడు, "నా తర్వాత ఎట్టమ్మా? ఎవరో ఒకరి పేరుకి మార్చుకోండి" అని. "ఊరుకోండి సార్, అవేం మాటలు" అని అందరూ కలిసి ఆయన నోరు మూయించారు. మనిషి కళ్లెదుట తిరుగుతుండగా ఆయన పేరు తీసి తన పేరు పెట్టుకోవడమంటే శవపెట్టెకి కొలతలు తీసినట్టే కదా. కరుణశ్రీ అయితే ఆ రోజు కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే కోపం వస్తోంది.

నాగేంద్రబాబు వచ్చి, తాళాల గుత్తి బల్లమీద పడేసి, తెర చూశాడు.

"ఏందమ్మా ఇది?"

"సార్ పేరుతో వచ్చిండాది సార్."

"సార్ పేరుతో ఎట్ట వస్తాది? ఆయన్ని పెట్టెలో పెట్టేటప్పుడు నేనూ ఉండా, నువ్వూ ఉండావు. పాస్‌వర్డు నీకు తెలిసుంటాది."

"నాకు తెలీదు సార్. నేనెప్పుడూ అడగలేదు."

"అయితే ఏంది, దెయ్యమా?"

నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. తాళాల గుత్తిని అటూ ఇటూ తిప్పుతూ కాసేపు కిటికీలోంచి చూశాడు.

"ఈ వారం లోపల ఎవరో తేల్చు. తేల్చలేదనుకో, నువ్వే అనుకుంటా. నువ్వే అయితే ఈ కుర్చీలో ఇంకొకరు కూచుంటారు. ముందు ఆ వరస తియ్."

ఆమె తీసింది.

మర్నాడు మధ్యాహ్నం నాగేంద్రబాబు నెల్లూరు మీటింగుకు పోయాడు. కరెంటు లేదు. ఇన్వర్టరు మీద ఒక్క ఫ్యాను మూలుగుతూ తిరుగుతోంది. కింద ఫొటోస్టాట్ షాపువాడు షట్టరు సగం దించి కునుకు తీస్తున్నాడు, రోడ్డు మీద లారీ కూడా పోవడం లేదు. కరుణశ్రీ క్యారేజీ విప్పి పప్పన్నం కలుపుకుంటోంది. ఎదురుగా తెరమీద షీటు తెరిచే ఉంది.

పైన మూలలో చిన్న గుండ్రం వెలిగింది. అందులో వరదయ్య ఫొటో. నీలం చొక్కా, చెవులదాకా నవ్వు. ఆ ఫొటో తీసింది తనే, ఇదే ఆఫీసు వరండాలో. ముద్ద నోటిదాకా పోకుండా మధ్యలోనే ఆగింది.

తర్వాత షీట్లో మొదటి గడి చుట్టూ ఆకుపచ్చ గీత పడింది. గీతకు అంటుకుని చిన్న చీటీలాగా ఆయన పేరు. ఎవరు షీట్లో ఉంటే వాళ్ల పేరు అలా కనపడుతుంది, అందులో వింతేమీ లేదు. పేరుగల మనిషి బతికి ఉంటే.

ఆకుపచ్చ గడి కదిలింది. ఒక వరస దిగి ఆగింది. ఇంకో వరస దిగి ఆగింది. సాయంత్రం ఇంటికి పోయే ముందు ఆయన అలాగే చేసేవాడు, తెరమీద వేలు పెట్టి ఒక్కో ఊరి పేరూ పెదాలు కదిలిస్తూ చదువుకునేవాడు, ఏదీ మరిచిపోలేదు కదా అని. గడి దిగుతూ దిగుతూ ఖాళీ వరస దగ్గరకు వచ్చి నిలబడింది. ఊపిరి తీసినంత సేపు నిలబడింది. కట్టకింద కాలనీ అని ఒక్కసారిగా పడింది.

"సార్?" అంది కరుణశ్రీ, పైకే.

ఖాళీ గదిలో తన గొంతు విని తనే హడలిపోయింది. కుడిచెయ్యి ఎంగిలి. ఎడమచేత్తో అక్షరాలు వెతుక్కుంటూ పక్క గడిలో రాసింది, "సార్, మీరేనా?" అని. ఆకుపచ్చ గీత కదల్లేదు. ఆమె కదల్లేదు. చూస్తూ ఉండగానే మూలన గుండ్రం ఆరిపోయింది. ఆమె అడిగిన మాట ఒక్కటే మిగిలింది. బెంగళూరు వాళ్లు చూస్తే ఏమనుకుంటారోనని గబగబా చెరిపేసింది. మిగిలిన అన్నం కిటికీలోంచి కాకులకు వేసేసింది. వరస తిరిగొచ్చిందని నాగేంద్రబాబుకు ఫోన్ చేసి చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు, అంతే.

మరుసటి రోజు వింజమూరు మీదుగా పోయే బస్సెక్కి ఉదయగిరి చేరింది. వరదయ్య ఇల్లు చర్చి వెనక సందులో. ఆయన భార్య ప్రసన్నకుమారి వసారాలో పీట వేసుకుని, చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. కరుణశ్రీని చూసి లేవబోయింది, ఆమె లేవనివ్వక పక్కనే కూలబడి తనూ నాలుగు కాయలు తీసుకుంది. కాసేపు ఆ పనే చేశారు.

"అమ్మా, సార్ ఫోను ఒకసారి చూడాల."

"ఫోనా?" ప్రసన్నకుమారి చేతిలో రాయి ఆగింది. "అది ఆయనతోనే పోయింది గదా. నేనే జేబులో పెట్టినాను. అది లేకుండా ఆయన పక్క గదికి కూడా పొయ్యేవాడు కాదు."

"సిమ్ము కూడా దాంట్లోనేనా?"

"దాంట్లోనే ఉండాది. రీచార్జి చేయిస్తానే ఉండా."

కరుణశ్రీకి అర్థం కాలేదు. "భూమిలో ఉన్న ఫోనుకా?"

"చెయ్యకపోతే ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారంట గదా. నేను మనసాగక చేసినప్పుడు ఎవరో హలో అంటే? ఆ నంబర్లోంచి ఇంకో గొంతు వస్తే నేను తట్టుకోలేను కరుణా. ఆదివారం గుడి నించి వచ్చినాక చేస్తా. స్విచాఫ్ అని చెప్తాది. ఆ మాట విని పెట్టేస్తా."

అంటే ఆయన అకౌంటులోకి పోవాలని ఎవరు ప్రయత్నించినా, అడిగే ఓటీపీ ఆ నంబరుకే పోవాలి. పోవడమంటే మట్టిలోకి పోవడమే. కరుణశ్రీ చింతగింజ ఒకటి వేళ్ల మధ్య నలుపుతూ షీటు సంగతంతా చెప్పింది. ఆకుపచ్చ గడి ఎలా దిగిందో, ఎక్కడ ఆగిందో చెప్పింది. ఈమె భయపడుతుందనీ, ఏడుస్తుందనీ అనుకుంది.

"కట్టకింద కాలనీనా?" అంది ప్రసన్నకుమారి నిదానంగా. "అయితే ఆయనే. ఆ బిడ్డ పడిపోయిన రోజు అన్నం ముట్టేవాడు కాదు." గూట్లో మడిచి పెట్టిన కళ్లద్దాల వైపు చూసింది. "మళ్లీ కనపడితే చెప్పు కరుణా. అద్దాలు ఇక్కడే మరిచిపొయినాడు. ఎట్ట చదువుకుంటా ఉండాడో."

కరుణశ్రీ చేతిలోని గింజ కింద పెట్టి లేచింది. తిరుగు బస్సుకు పోతానంటే ప్రసన్నకుమారి వినలేదు. ఆ పూట అక్కడే ఉండిపోయింది.

తెల్లవారితే గురువారం, కట్టకిందకు బండి పోయే రోజు. డ్రైవరు డేవిడ్‌రాజు ఉదయగిరి సెంటర్లో బండి ఆపి ఆమెను ముందు సీట్లో ఎక్కించుకున్నాడు. వెనక నర్సు షైనీ మందుల డబ్బాలు సర్దుకుంటోంది. సీతారామపురం రోడ్డెక్కాక కరుణశ్రీ చూపు ట్యాబ్ మీద పడింది. మూలన గుండ్రం. నీలం చొక్కా. నవ్వు.

"డేవిడన్నా, ఈ ట్యాబ్ ఎవరి అకౌంటులో ఉండాది?"

"ఆఫీసుది గదా."

"ఆఫీసుది కాదు, సార్‌ది."

"అవును, సారే పెట్టిచ్చినాడు. మాటికీ ఓటీపీ అడగతా ఉందని విసుక్కుంటే, నా దాంట్లోనే వాడుకో డేవిడూ అన్నాడు. ఏం?"

"కట్టకింద వరస నువ్వు పెట్టినావా?"

డేవిడ్‌రాజు బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ముందుకే చూస్తూ చెప్పాడు. "పెట్టినాను. పోయిన వారం షీట్లో లేదు, నేను పోలేదు. సాయంత్రం శీనమ్మ ఫోన్ చేసింది. పిల్ల నీళ్ల అంచున పడిందంట. వాళ్ల అవ్వ చప్పుడు విని జుట్టు పట్టుకుని లాగింది గాబట్టి సరిపొయింది. అప్పట్నించి ఎప్పుడు తీసేసినా పాత వరస తెచ్చి అతికిస్తా ఉండా. నా పేరు చెప్పి పీకేస్తారనే అనుకున్నా. ఎవరూ అడగలేదే అని నాకే విచిత్రంగా ఉండాది."

"నీ పేరు పడితే గదా అన్నా అడిగేది. అక్కడ సార్ పేరు పడతా ఉండాది."

డేవిడ్‌రాజు ట్యాబ్ వైపు తిరిగి ఆ చిన్న ఫొటోని మొదటిసారి చూసినట్టు చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "దేవా," అన్నాడు. "నేను చచ్చిపోయినాయన చెయ్యి పట్టుకుని రాయిస్తా ఉండానా?"

కరుణశ్రీకి నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ తను భయపడి చచ్చింది ఈ మనిషికి, ఈ మనిషేమో తనను చూసుకుని తనే భయపడుతున్నాడు! నవ్వి, గుండె బరువు దిగాక, అప్పుడు అడిగింది. "మొన్న మధ్యాహ్నం కూడా నువ్వేగదా, ఒక్కో వరసా దిగుతా వచ్చింది?"

"మొన్న మధ్యాహ్నమా? బండి వింజమూరు షెడ్లో ఉండాది. తాళం వేసి అన్నానికి పొయినా. ట్యాబ్ లోపలే. పొద్దున మెట్టలో ఉన్నప్పుడు అతికించినాను గానీ, ఒక్కో వరసా దిగడమేంది?"

మెట్టలో సిగ్నలు ఉండదు. పొద్దున చేసింది షెడ్డు దగ్గర సిగ్నలు తగిలాక పైకి పోయి ఉంటుంది. కరుణశ్రీ తనకు తాను అలా చెప్పుకుంది. అంతకన్నా ఏం చెప్పుకోగలదు? తాళం వేసిన బండిలో గడి ఎలా నడిచిందో మాత్రం ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

కట్ట దిగి కాలనీలోకి పోతే శీనమ్మ ఇంటి ముందు చిన్ని అరుగు మీద కూర్చుని ఉంది. నుదుటి మీద గాయం పక్కు కట్టింది. నడుముకు వల తాడు. తాడు రెండో కొస గుంజకు కట్టి ఉంది. దూడని కట్టినట్టు కట్టారు. పిల్ల దాన్ని పట్టించుకోకుండా గవ్వలేరి వరసగా పెట్టుకుంటోంది, తాడు ఎంతవరకు వస్తుందో తెలిసినట్టే అంతవరకే చెయ్యి చాపుతోంది.

"ఏం చేసేది మేడమ్మా," అంది శీనమ్మ, అడక్కముందే. "మాత్రలు అయిపొయినాయి. మీరొస్తారో రారో. మేం వలకి పోవాల గదా. మా అవ్వకి చూపు ఆనదు." ముడి విప్పబోయింది. ముడి తడిసి బిగుసుకుపోయింది. కరుణశ్రీ మోకాళ్ల మీద కూర్చుని గోళ్లతో విప్పింది. పిల్ల నడుం చుట్టూ ఎర్రగా కమిలి ఉంది. షైనీ మాత్ర ఇచ్చి నీళ్లు తాగించి, నాలుక చాపమని చూసింది.

కరుణశ్రీ ట్యాబ్ ఊడదీసుకుని కట్ట ఎక్కింది. అక్కడ సిగ్నలు తగిలింది. నాగేంద్రబాబుకు ఫోన్ చేసి, సార్ అకౌంటు బండి ట్యాబ్‌లో తెరిచి ఉండిపోయిందని చెప్పింది. ఎవరు రాశారో చెప్పలేదు. ఆయన అడగనూ లేదు, అంత సంతోషం ఆయనకి.

"నేను చెప్పలే! దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఇప్పుడు నీ చేతిలో ఉండాది గదా?"

"ఉండాది సార్. ఓనరు మీ పేరుకి మార్చమంటారా?"

"వద్దమ్మా. నా పేరొద్దు. రేపు దాతలు ఆ ఊరు ఎందుకు తీసేసినారంటే నన్ను అడగతారు. పెద్దాయన పేరే ఉండనీ. ఆయన అకౌంటులోంచే వరస తీసెయ్. ఆయనే తీసినట్టు పడతాది. తర్వాత ఎవరూ ముట్టకుండా తాళం వెయ్. నాకూ వద్దు, నీకూ వద్దు, అందరికీ చూడ్డం వరకే. కాపీ కూడా తీసుకోకుండా చెయ్. చేసి, లాగౌట్ కొట్టి రా. నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా."

ఫోన్ పెట్టేశాక కరుణశ్రీ కట్టమీద అలాగే నిలబడింది. కింద చిన్ని తాడు లేకుండా నడుస్తోంది, అలవాటు పోక గుంజ దగ్గరే తిరుగుతోంది. ఆ బిడ్డ పడిన రోజు అన్నం ముట్టని మనిషి చేత, చచ్చాక, ఆ బిడ్డ నోట్లోని మాత్ర లాగించాలట! ఆయన పేరు పడాలట!

వరస మీద వేలు పెట్టింది. ఆకుపచ్చ గీత దాని చుట్టూ పడింది. తీసేయమంటావా అని ట్యాబ్ అడిగింది. ఆమె వేలు తీసి, షేర్ తెరిచింది. ముందు డేవిడ్‌రాజు సొంత అకౌంటుకు చూసే హక్కు ఇచ్చింది, రేపట్నించి బండికి దారి కనపడాలి కదా. నాగేంద్రబాబు పేరు పక్కన ఎడిటరు అని ఉంది. చూడ్డానికి మాత్రమే అని మార్చింది. తన పేరు దగ్గర కాసేపు ఆగింది. అదీ మార్చింది. కాపీ తీసుకునే గడిలో టిక్కు తీసేసింది. అంతా ఇంకోసారి పైనుంచి కిందికి, ఒక్కో పేరూ పెదాలు కదిలిస్తూ చదువుకుంది. లాగౌట్ కొట్టింది. నీలం చొక్కా మాయమై, పాస్‌వర్డు అడిగే తెల్ల తెర వచ్చింది.

మర్నాడు నాగేంద్రబాబు ఈల వేసుకుంటూ మెట్లెక్కాడు. కంప్యూటరు ముందు కూర్చుని షీటు తెరిచాడు. ఈల ఆగింది.

"వరస ఉండాదే?"

"ఉండాది సార్."

"తియ్యమన్నా గదా!" మౌస్‌తో దాని మీద నొక్కాడు. మళ్లీ నొక్కాడు. కీబోర్డు మీద కొట్టాడు. "నాకు రావడం లేదేంది?"

"తాళం వెయ్యమన్నారు గదా సార్. వేసినాను. నాకూ రాదు. ఎవరికీ రాదు."

"తెరువు మరి!"

"ఓనరే తెరవాల సార్."

ఆయన మెడ మెల్లగా ఆమె వైపు తిరిగింది. ఎర్రబడ్డ మొహంలో ఏదో లెక్క నడుస్తోంది. కొత్త షీటు చేయవచ్చు, కానీ కొత్త లింకు ఎందుకని దాతలు అడుగుతారు. ఈమెను పొమ్మనవచ్చు, కానీ పొమ్మంటే ఈమె బెంగళూరుకు ఏం చెబుతుందో. మళ్లీ తెర వైపు తిరిగాడు. పైన ఒక బటన్ ఉంది, రాసే హక్కు కోసం అడగమని. పట్టుదల మీద ఉన్న మనిషి, ఆలోచించకుండా నొక్కేశాడు.

మీ విన్నపం ఓనరు వరదయ్యకు పంపాము, జవాబు రాగానే తెలియజేస్తాము అని తెరమీద పడింది.

ఆయన అది చదివాడు. పెదాలు కదిలిస్తూ ఇంకోసారి చదివాడు. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"దీన్ని వాపసు తీసుకోవచ్చా?" అని అడిగాడు, చాలా చిన్న గొంతుతో.

"తెలీదు సార్."

ఆ రోజంతా మెయిలు వచ్చిన చప్పుడైనప్పుడల్లా ఇద్దరూ తలెత్తారు. మందుల కంపెనీ బిల్లు ఒకటి వచ్చింది, కరెంటు ఆఫీసు నుంచి ఒకటి వచ్చింది. సార్ దగ్గర్నుంచి జవాబు రాకూడదని కరుణశ్రీ దండం పెట్టుకుంది. నాగేంద్రబాబు మొహం చూస్తే ఆయనా అదే పని మీద ఉన్నట్టుంది. చీకటి పడకముందే, ఎన్నడూ లేనిది, ఆమెకన్నా ముందు చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

గురువారం బండి కట్టకిందకు పోయింది. ఆ పై గురువారం కూడా పోయింది.